అడుగున మడ్డి

ఇంటింటికీ కాఫీ గోడలు వచ్చాక ఫిల్టర్లు అటకెక్కాయి. ఎవరి చేతి కాఫీ కావాలో చెబితే చాలు, గోడ అచ్చం అలాగే కలిపి పోస్తుంది. శర్వాణి రోజూ పొద్దున్నే నాన్నకి, పోయిన అమ్మ మందాకిని చేతి కాఫీయే పట్టి ఇచ్చేది. ఆయన రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసేవాడు.

"రుచి అదేగా నాన్నా?"

"అదేనమ్మా. అడుగున మడ్డే లేదు. డికాక్షన్ దిగేదాకా మీ అమ్మ ఎప్పుడాగింది గనక."

మడ్డి కూడా రానివ్వమని శర్వాణి గోడకి చెప్పింది. అది లోపమనీ, తాను ఎప్పుడో సరిచేశాననీ గోడ మర్యాదగా బదులిచ్చింది.

ఆదివారం శర్వాణి అటక మీంచి ఇత్తడి ఫిల్టరు దించింది. పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టింది. ఎత్తి చూసిన ప్రతిసారీ అడుగున నాలుగు చుక్కలే. ఓపిక నశించి, చెంచాతో ఫిల్టరుని టకటకా కొట్టింది.

ముందు గదిలోంచి నాన్న గొంతు కాస్త విసుగ్గా వినిపించింది. "కొట్టకు మందాకినీ. అదే దిగుతుందిలే."

శర్వాణి చెంచాతో ఇంకోసారి కొట్టింది.