చెన్నూరు పోరగాండ్లు

చెన్నూరు ఫుట్‌బాల్ జట్టు మెట్‌పల్లిలో బస్సు దిగుతుండగానే ఇబ్రాహీం సార్‌కు అనుమానం వచ్చింది. పదకొండు మందివీ నున్నటి గుండ్లే. ఒక్కడి మూతి మీదా మీసం లేదు. వచ్చిండ్రు పాలు తాగే పోరగాండ్లు అనుకున్నాడు.

ఇబ్రాహీం సార్ మెట్‌పల్లి బడికి హెడ్మాస్టరు, ఊళ్ళో ఏటా జరిగే ఫుట్‌బాల్ కప్పుకు సెక్రటరీ. కిందటేడు రెండు క్లబ్బులు అసలు ఆటగాళ్ళను వేరే పోటీలకు దాచుకుని ఇక్కడికి బడిపిల్లలను తోలాయి. టికెట్టు కొన్న జనం ఊరుకుంటారా? గోలుకర్రలు పీకి పారేశారు. పోరడెవడో మొగోడెవడో మన హెడ్మాస్టరుకు కానరాదని కమిటీలో ఒకాయన మొహం మీదే అనేశాడు.

ఆ మాటకు సార్ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మరి ఇరవై ఏళ్ళుగా ఆ ఊరి పిల్లల పుట్టిన తేదీలు రాసిన చెయ్యి అది! ఆ రోజుల్లో తేదీలు ఎవరింట్లో ఉన్నాయి? 'పెద్ద వాన పడ్డ ఏడు పుట్టిండు' అని తల్లి చెప్పేది, సార్ పిల్లవాడి మొహం చూసి రాసేసేవాడు. అదే తేదీ ఇక జీవితాంతం.

అందుకే ఈ ఏడు పట్టుబట్టి కొత్త రూలు పెట్టించాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను ఆడించిన క్లబ్బుకు యాభై రూపాయల జుర్మానా. ఈసారీ ఎవడైనా కళ్ళు గప్పితే సెక్రటరీ పని వదిలెయ్యాల్సిందే, ఊళ్ళో తలెత్తుకుని తిరగడం ఇక కల్లే.

సార్ చెన్నూరు జట్టు మేనేజరు దశరథాన్ని పక్కకు పిలిచాడు. "గీ పోరగాండ్లది ఏ తరగతయ్యా?"

"పోరగాండ్లేంది సార్? అందరికి పెండ్లిళ్ళయినయి, పిల్లలున్నరు. వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించి సక్కగ ఇటే వస్తున్నం. తలనీలాలతోని మీసాలు గూడ ఇచ్చిండ్రు."

సార్‌కు నవ్వాగలేదు. తండ్రి బతికుండగా మీసం మీద కత్తి పడనివ్వని మనుషులుండే చోట, పదకొండు మందీ ఒకేసారి మీసాలు ఇచ్చేశారట! చెవిలో పువ్వు పెట్టడానికైనా ఓ హద్దుండాలి. కెప్టెన్ అని ముందుకు తోసిన బక్కపలచటి వాడి పేరు బాలమల్లు. నీకెన్నేండ్లురా అని అడిగితే వాడు నేలచూపులు చూస్తూ, మా అవ్వను అడగాలె సార్ అని గొణిగాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆట మొదలయ్యాక మిగతా అనుమానం కూడా తీరిపోయింది. పదకొండు మందీ బంతి వెనకాల కోడిపిల్లల్లా గుంపుగా పరుగెత్తారు. ఒకడు తమ గోలులోకే కొట్టుకున్నాడు. ఇంకొకడు కిందపడి మోకాలు పట్టుకుని ఏడ్చాడు. ఆరు గోల్స్‌తో చిత్తుగా ఓడారు. బడికి పోండ్రిరా అని జనం కేకలు పెట్టారు.

సార్ మైదానం మధ్యలో నిలబడి జుర్మానా ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. కిందటేడు మాట అన్న కమిటీ పెద్దమనిషే వచ్చి, మీ నజర్‌కు తిరుగులేదని చెయ్యి కలిపాడు. దశరథం మాత్రం ఏడుపు మొహం పెట్టాడు.

"కడత సార్. గని ఉత్త చేతులతోని పోతే పైసలు నేనే తిన్ననంటరు మా ఊరోళ్ళు. ఎవలికి ఎన్నేండ్లో పేరుపేరున రాసి, ముద్ర కొట్టి ఇయ్యుండ్రి."

అదెంత భాగ్యం? సార్ ఒక్కొక్కణ్ణీ ఎదురుగా నిలబెట్టి, తేరిపార చూసి మరీ రాశాడు. ఒకడికి పదహారు, ఒకడికి పదిహేనున్నర, బాలమల్లుకు పదిహేడు. ఈ వయసులకు నేనే జవాబుదారీ అని కింద రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పది రోజులు తిరక్కుండానే కరీంనగర్‌లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కప్పు జరిగింది. గెలిచిన జట్టు హైదరాబాద్ వెళ్ళి ఆడవచ్చు. జుర్మానా సంగతి అక్కడి దాకా పాకడంతో ఇబ్రాహీం సార్‌ను అతిథిగా పిలిచారు. చూస్తే ఏముంది, ఫైనల్లో చెన్నూరు గుండ్లే!

ఈసారి బంతి వాళ్ళ కాళ్ళకు అంటుకుపోయింది. అవతలి పిల్లలు గాలికి దూదిలా ఎగిరిపడ్డారు. సగం ఆటకే నాలుగు గోల్స్. సార్ మీసం దువ్వుకున్నాడు. సిగ్గుంటే చాలు, ఒక్క జుర్మానాతో పిల్లలు ఎంత దారిన పడ్డారు! తన శిక్షకు తనే మురిసిపోయాడు.

ఓడినవాళ్ళు ఊరుకోలేదు. ఇవి లేగలు కావు, అచ్చుబోసిన ఆంబోతులని ఫిర్యాదు చేశారు. దశరథం జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు. అందరూ సార్ వైపు చూశారు.

సార్ లేచి నిలబడ్డాడు. పోయిన పరువు పూర్తిగా తిరిగొచ్చే ఘడియ ఇదేనని ఆయనకు తెలుసు. "గీ రాత నాది. పోరగాండ్లను ఆడించిండ్రని జుర్మానా వేసింది గూడ నేనే. నా రాత అబద్ధమైతే రేపే నౌకరీ ఇడిసిపెడత."

ఫిర్యాదు కొట్టేశారు. వెండి కప్పు చెన్నూరుకు ఇచ్చేశారు.

బాలమల్లు కప్పు చంకన పెట్టుకుని వచ్చి సార్ కాళ్ళకు మొక్కాడు. సార్‌కు కళ్ళు చెమర్చాయి. వాడి గుండు నిమిరి, ఆటలల్ల పడి చదువు ఖరాబు చేసుకోకు బిడ్డా అని బుద్ధి చెప్పాడు.

బాలమల్లు చేతులు కట్టుకుని అన్నాడు. "నాకింకేం చదువు సార్? మా అత్తగారిది మెట్‌పల్లే, వచ్చే జూన్‌ల మీ బడిల ఒకటో తరగతిల చేరుతుండు మా నడిపి కొడుకు."