కీలు దగ్గర

"అక్కడ కాదమ్మా తోసేది! కీలు దగ్గర తోస్తే ఏనుగొచ్చినా తలుపు తెరుచుకోదు!"

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. స్టాఫ్ రూము తలుపు బిగుసుకుపోయింది. లోపలికి తెరుచుకునే తలుపాయె. లాగుదామంటే, పిడి ఏ మహానుభావుడు ఊడబీకాడో, మేకుల చిల్లులు మాత్రం మిగిలాయి. ఇక బయటున్న శిష్యురాలు తోస్తేనే దిక్కు. ఆ పిల్లేమో వట్టి మొద్దు. చప్పుడంతా కీలు వైపు నుంచే వస్తోంది.

"గట్టిగానే తోస్తున్నాను సార్. రావట్లేదు."

"గట్టిగా తోస్తే సరిపోతుందా తల్లీ? కోణీయ ప్రచోదనం అంటే ఏమిటి? నిన్న గొంతు చించుకుని చెప్పానుగా!"

"బలం, కీలు నుంచి దూరం, తోసినంత సేపు... మూడూ గుణించాలి సార్."

"దూరం సున్నా అయితే?"

"అంతా సున్నాయే సార్. ఆగి ఉన్న తలుపు ఆగే ఉంటుంది."

"నోటికొచ్చు, చేతికి రాదు! అవతలి అంచుకి జరుగు."

మళ్ళీ చప్పుడు. మళ్ళీ కీలు దగ్గరే. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. రేపే పరీక్ష. ఈ పాఠం ఇంకా సగం మిగిలింది. పిల్లలు పుస్తకాలు తెరుచుకుని కూర్చునుంటారు. జేబు తడిమి చూసుకున్నారు, సుద్దముక్క ఉంది. గోళ్ళతో తలుపు అంచు పట్టి లాగబోయారు. అరికాళ్ళు భగ్గుమన్నాయి.

"నా కాళ్ళకి ఈ కట్లేమిటమ్మా?"

"నిన్న చెప్పుల్లేకుండా ఎండలో రోడ్డెక్కి పడిపోయారు కదా సార్. ఇవాళ్టికి క్లాసు వద్దు, పడుకోండి."

"పడుకోవడానికి ఇదేమన్నా నా ఇల్లా? ఆ హెడ్మాస్టరొకడు, స్టాఫ్ రూములో మంచం వేయించాడు! అవునూ, నీ గొంతేమిటి, అలా బొంగురుపోయింది?"

"జలుబు సార్."

మాస్టారు మంచం మీద కూలబడ్డారు. రోజూ ఇదే తంతు అనిపించింది. ఎందుకనిపించిందో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. కోపం పోయి, బతిమాలుకోవడానికి దిగారు.

"చూడమ్మా, మా అమ్మాయి కూడా ఆ క్లాసులోనే ఉంది. మొదటి బెంచీ. దానికి ఈ పాఠమంటే హడలు. నేనొచ్చి చెబుతానని మాటిచ్చాను. గుమ్మం వైపే చూస్తూ ఉంటుంది, పిచ్చితల్లి."

బయట ముక్కు చీదిన చప్పుడైంది.

"ఒక్కసారి అంచు దగ్గర తోయమ్మా. నీకు పుణ్యముంటుంది."

మళ్ళీ తలుపు చప్పుడైంది. కీలు దగ్గరే.

మాస్టారు సుద్దముక్క తీసి దిండు పక్కన పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నారు.

బయట, తల నెరిసిన కూతురు తాళంచెవిని గుప్పిట్లో బిగించుకుంది.