గోళ్ళరంగు గీత

మా షెడ్డులో లేత్ మిషను మీద ఇనప కడ్డీ కోసేటప్పుడు బ్లేడు దడదడలాడితే తప్పు నా చేతిదేనని ఇంట్లో అందరి తీర్మానం. "డిగ్రీ చదివిన చెయ్యి కదా, వణక్క ఏం చేస్తుంది!" అని అన్నయ్య ఎగతాళి. "ఇంకో బ్లేడు విరిగితే నువ్విక లేత్ ముట్టుకోవద్దమ్మా" అన్నాడు నాన్న.

మొన్న సాయంత్రం బ్లేడును ముందుకు నడిపే స్లయిడు మరలు బిగించి చూశాను. కడ్డీ చప్పుడు లేకుండా తెగింది. ఎవరైనా తిప్పితే తెలిసేలా మరల మీద గోళ్ళరంగుతో గీత పెట్టాను. నిన్న పొద్దునకి గీత పక్కకి తిరిగింది, మరలు వదులు. అన్నయ్య పనే అనుకున్నాను. మళ్ళీ బిగించాను.

ఇవాళ అందరికంటే ముందొచ్చి షెడ్డు తలుపు వెనక నిలబడ్డాను.

వచ్చింది నాన్న. స్లయిడు పిడి తిప్పబోయాడు. కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. కుడి మణికట్టు గడగడా వణికింది. అటూ ఇటూ చూసి మరలు వదులు చేశాడు. అప్పుడు తిరిగింది పిడి.

మూడు నెలలుగా "నేర్చుకో" అంటూ కోత పని ఎక్కువగా నాకే ఎందుకు ఇస్తున్నాడో అర్థమైంది.

తలుపు వెనక నుంచి వచ్చి, ఆయన చూస్తుండగానే మరలు బిగించాను.

"నా చెయ్యి సంగతి అన్నయ్యకి చెప్పకే" అన్నాడు.

"చెప్పను నాన్నా. నువ్వు కొలతలు చూడు. ఇవాళ్టి నుంచి లేత్ నేనే నడుపుతాను."