చేతొడుగు ఎవరికి?

చేతిపనిని కూడా ఆస్తిగా రాసిచ్చే రోజులవి. కరీంనగర్‌లో వెండితీగ పని చేసే లసుమవ్వ వీలునామా రాయించడానికి కొడుకులిద్దరినీ, చిన్నకోడలు సరళనూ వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చింది. పనివాళ్లందరికీ ఇచ్చినట్టే సర్కారు ఆమెకూ ఓ చేతొడుగు ఇచ్చింది. దాన్ని తొడుక్కుని ఏడాది పనిచేస్తే పనితనమంతా అందులోకి ఎక్కుతుంది. ఆ తర్వాత అది ఎవరు తొడుక్కున్నా వాళ్ల వేళ్లు అలాగే ఆడతాయి.

"ఇల్లు కొడుకులిద్దరికి చెరిసగం రాసిన. చేతొడుగు ఎవరికవ్వా?" అని రిజిస్ట్రార్ అడిగాడు.

కొడుకులిద్దరూ కుర్చీల్లో ముందుకు జరిగారు.

"అది ఉత్తదే సారూ. ఒక్కదినం గూడ తొడగలే."

పెద్దకొడుకు మొహం మాడిపోయింది. "అరవై ఏండ్ల పని మట్టిల కలుపుతవా అమ్మా?"

లసుమవ్వ సంచిలోంచి వెండితీగ తీసి సరళకు అందించింది. ఏడేళ్లు అత్త పక్కన కూర్చుని, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్న పిల్ల. ఉత్త చేతులతోనే మెలితిప్పింది. వెంట్రుకంత తీగ చూస్తుండగానే నెమలికన్నయింది.

రిజిస్ట్రార్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "బతికుండంగనే ఇచ్చేసినదాన్ని వీలునామాల రాసుడు కుదరదవ్వా."

"అయితే ఆ చేతొడుగు మాట కొట్టెయ్యి సారూ," అంది లసుమవ్వ తలెత్తి. "సచ్చినంక ఇయ్యనీకి నేనేం దాసుకోలే."