చెల్లెమ్మకు పరీక్ష

"వేలి ఉంగరం కూడా తీసెయ్యి చెల్లెమ్మా," అన్నాడు గడ్డం ప్రొఫెసర్.

ఆమెకి ఒళ్లు మండింది. అప్పటికే సొంత కోటు విప్పించి కొత్తది తొడిగించాడు. జుట్టుకి టోపీ పెట్టించాడు. మోచేతుల దాకా సబ్బుతో కడిగించాడు. ఆపరేషన్ చేసే డాక్టరుకి కూడా ఇంత హడావిడి ఉండదు.

"ఇంకేమైనా మిగిలిందా అన్నయ్యా?"

"కోప్పడకమ్మా. నీ ల్యాబులో దుమ్ము నీ వెంట ఇక్కడికి రాకూడదు. నువ్వు కొత్త లవణం అంటున్నది ఆ దుమ్ము మహిమేనని నా అనుమానం."

ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ఆమె లోహాలతో కాపురం చేసి పేరు తెచ్చుకుంది. ఆయన ఆమె మీద బురద చల్లి పేరు తెచ్చుకున్నాడు. ఆమె కనిపెట్టిన ఊదారంగు లవణం అసలు లేనేలేదని ఎక్కిన ప్రతి వేదిక మీదా చెప్పాడు. "మేమూ చేసి చూశాం, చిటికెడు కూడా రాలేదు," అన్నాడు. జనం నమ్మారు.

అందుకే ఈ పరీక్ష. ఇద్దరిదీ కాని ల్యాబులో, పతకాల కమిటీ అధ్యక్షుడి ఎదుట ఆమె ఆ లవణాన్ని చేసి చూపించాలి. చూపించలేకపోతే ఆ లవణానికి ప్రకటించిన పతకం వెనక్కి పోతుంది. ఆమె బతుకంతా చేసిన పని అబద్ధం కింద జమ అయిపోతుంది.

ఆమె లోహపు పొడిని ఆమ్లంలో కరిగించింది. కలపాల్సినవి కలిపింది, వడకట్టింది, గాజుపాత్రని మంచులో పెట్టింది. ఆకుపచ్చటి ద్రావణం చక్కగా చల్లబడింది. అంతే, అక్కడితో ఆగిపోయింది. గాజుకడ్డీతో పాత్ర లోపలి గోడని గీకింది. ఉహూఁ. తన ల్యాబులో అయితే ఈపాటికి ఎప్పుడో గడ్డకట్టేది. ఇక్కడ మొండికేసి కూర్చుంది.

అధ్యక్షుడు ఇబ్బందిగా లేచాడు. "ఇంక చాలేమోనమ్మా. పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాం."

"కాసేపు ఆగండి సార్, దయచేసి."

గడ్డం ప్రొఫెసర్ కులాసాగా వచ్చి పాత్ర మీదకి వంగాడు. "ఏదీ, పుట్టిందా మన పాపాయి?" అంటూ నెరిసిన గడ్డం నిమురుకుని, పొట్ట చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు.

ఆ నవ్వు పూర్తి కాలేదు. ఆకుపచ్చ నీళ్లలో ఒకచోట ఊదారంగు మొలిచింది. చూస్తుండగానే సూదులు సూదులుగా విచ్చుకుని పాత్రంతా నిండిపోయింది.

"కట్టేసింది! కట్టేసిందమ్మా!" అధ్యక్షుడు పెద్దరికం మరిచి చప్పట్లు కొట్టాడు. చిటికెడు తీసి యంత్రంలో పెట్టి చూశాడు. అచ్చం ఆమె చెప్పిన లవణమే, పిసరంత కూడా తేడా లేదు. "పతకం నీదే తల్లీ. ఇక నోరెత్తేవాడెవడో నేనూ చూస్తాను."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గడ్డం ప్రొఫెసర్ ముఖంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

"అది సరే," అన్నాడు అధ్యక్షుడు, "ఇంతసేపూ సతాయించి, ఉన్నట్టుండి ఎలా కట్టింది?"

"పాలకి తోడు పడ్డట్టే సార్. ఇదే లవణం నలుసు ఒక్కటి పడితే చాలు, క్షణంలో కట్టేస్తుంది. అది లేకపోతే ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం."

"మరి నిన్ను అంతలా తోమి పంపారు కదమ్మా. నలుసు ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆమె పట్టకారు అందుకుని పాత్రలోంచి ఓ నెరిసిన వెంట్రుకని పైకి తీసింది. దాని పొడవునా ఊదారంగు సూదులు మెరుస్తున్నాయి.

"అన్నయ్య తన ల్యాబులో దీన్ని ఎప్పుడో తయారుచేసేశారు సార్, గడ్డం కడుక్కోవడమే మరిచిపోయారు!"