'ఠ' దగ్గర గరగర

పలుకుల తల్లీ! వేళకు నాలుక చివర మాటను నిలిపే దయామయీ! ఈ చిన్న కథకు నీవే తోడు.

"మీ కనెక్షన్ నాకొద్దు. నంబరు మాత్రం నాది. కొత్త కంపెనీకి పట్టుకుపోతాను. అది నా హక్కు!"

మనవలను ఎత్తుకున్న వయసులో చెల్లెలు అలా గర్జించడానికి కారణం, ఫోనులో ఒక గరగర.

పొరుగూళ్లో ఉన్న అక్కయ్య కాలు విరిగి మంచం పట్టింది. నాటినుంచి ప్రతి ఉదయం పూజ కాగానే అక్కాచెల్లెళ్లిద్దరూ ఫోనులో పద్యాల పోటీ పెట్టుకొన్నారు. ఒకరి పద్యం ఏ అక్షరంతో ముగిస్తే, రెండవవారు ఆ అక్షరంతో పద్యం అందుకోవాలి. ఓడినవారు గెలిచినవారిని ఇకపై "అక్కా" అని పిలవాలి. చిన్ననాటి పందెమే; అక్కయ్య ఇంతవరకూ ఓడలేదు. పుట్టింది మొదలు "అక్కా, అక్కా" అని అరిగిపోయిన చెల్లెలికి, ఆ పిలుపు ఒక్కసారి తన చెవిన పడాలని కోరిక.

అందుకే వెతికి వెతికి "నీలకంఠా" అని ముగిసే పద్యమొకటి పట్టింది. 'ఠ'తో మొదలయ్యే పద్యం అక్కయ్య ఎక్కడినుంచి తెస్తుంది?

బాణం వదిలింది. అంతే, ఫోనులో గరగర!

"ఏమిటే? ఒక్క ముక్కా వినబడలేదు. మీ లైను పాడైంది. ఆట రేపు చూద్దాం" అంది అక్కయ్య.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే.

లైన్‌మన్ వచ్చాడు. తీగ మార్చాడు. ఫోను మార్చాడు. తానే మాట్లాడి చూశాడు. "గంట కొట్టినట్టుందమ్మా!"

"పద్యం చదివి చూశావా?"

"పద్యానికో లైను, గద్యానికో లైను ఉండదమ్మా!"

భర్త పత్రిక చాటునుంచి నవ్వాడు. "నీ గొంతు తట్టుకోలేక తీగ గోల పెడుతోందేమో."

"మీరు ఊరుకోండి. ఇక్కడ నా ప్రాణం పోతోంది!"

చివరికి అక్కయ్యే సలహా ఇచ్చింది. "ఇంకా ఆ పాత కంపెనీని పట్టుకొని వేలాడతావేమిటే? ఒకప్పుడంటే వాళ్లు తప్ప దిక్కులేదు. ఇప్పుడు మూడు కంపెనీలున్నాయి. వినియోగదారువి, గట్టిగా అడుగు."

అదీ ఆనాటి గర్జనకు మూలం. పాత కంపెనీ ఉద్యోగి బతిమాలాడు. "అమ్మగారూ, సగం అద్దెకే ఇస్తాం, ఉండిపోండి."

"ఊరికే ఇచ్చినా వద్దు నాయనా. మా అక్కకు 'ఠ' వినబడాలి."

కొత్త కంపెనీ లైను వచ్చింది. అక్కయ్య ఊపిరి సైతం వినబడుతోంది. పద్యం మీద పద్యం పరుగెత్తింది. అదను చూసి చెల్లెలు "నీలకంఠా!" అని ముగించింది.

ఆ వెంటనే గరగర!

"అయ్యో, వీళ్లూ ఇంతేనటే?" అక్కయ్య జాలిపడింది. "మూడో కంపెనీ ఉందిగా, అడిగి చూడవే తల్లీ."

"అడుగుతానక్కా. వదులుతానా!" చెల్లెలు కొంగు బిగించింది.

అక్కడ పొరుగూళ్లో అక్కయ్య రిసీవరు పెట్టేసి, బిస్కెట్ ప్యాకెట్టు మీది గరగరలాడే కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, రేపటి ఆటకని తలగడ కింద దాచుకొంది.

ఈ కథ విన్నవారందరికీ ఆ పలుకుల తల్లి వేళకు మాట అందించుగాక!