నడుము కొలత

నిండు బస్సులో టిక్కెట్లు కొడుతుండగా కండక్టరు ప్యాంటు జారింది.

ప్రయాణికులు గొల్లుమన్నారు. ఆయనా నవ్వేశాడు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పెట్టి రెండు వారాలే అయింది.

డ్యూటీ దిగి సరాసరి టైలరు కొట్టుకు వెళ్లాడు. ఆ కొట్టుకు రావడం ఇది రెండోసారి.

"నడుము కాస్త బిగించి కుట్టవయ్యా, పరువు పోతోంది."

టైలరు టేపు చుట్టాడు. కొలతల పుస్తకం తిరగేశాడు. మళ్లీ చుట్టి, తేదీ వేసి కొత్త కొలత రాసుకున్నాడు.

"నాలుగు నెలల్లో నాలుగంగుళాలు! తిండి మానేశారా?"

"మూడు పూటలా లాగిస్తున్నా. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మా ఆవిడకైతే ఒకటే కుళ్లు!"

టైలరు నవ్వలేదు. టేపు మడిచి పక్కన పెట్టాడు.

"కుట్టను. ముందు పెద్దాసుపత్రికి వెళ్లి రండి."

"నువ్వు టైలరువా, డాక్టరువా?"

"తింటూ తగ్గుతున్నారు. వెళ్లి రండి బాబూ."

కండక్టరుకు చిర్రెత్తింది. టైలరు చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"నీ చొక్కా సంగతి చూసుకో ముందు. అందులో ఇంకొకడు పడతాడు!"

"నాది సరిచేసుకునే తీరిక దొరకలేదండీ," అన్నాడు టైలరు.

కండక్టరు ఇంటికొచ్చి అద్దం ముందు చొక్కా విప్పాడు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కకొచ్చాయి. భార్యను పిలిచాడు.

వారం తర్వాత డాక్టరమ్మ రిపోర్టులు చూసింది.

"పేగులో కణితి. దాంతో ఆకలిని నడిపే హార్మోన్లు గతి తప్పాయి. మీరెంత తిన్నా, శరీరం తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటోంది."

భార్య ఆయన చేయి గట్టిగా పట్టుకుంది.

"బతుకుతారా అమ్మా?"

"ఇంకా పాకలేదు. రెండు నెలలు ఆగితే నేను చేయగలిగింది ఉండేది కాదు. ఎవరు పంపారు?"

"టైలరండీ," అన్నాడు ఆయన తల దించుకుని.

ఆపరేషన్ అయింది. మందులు అయ్యాయి. ఏడాదికి పాత ప్యాంటు మళ్లీ నడుమున నిలిచింది. అదే వేసుకుని టైలరు కొట్టుకు వెళ్లాడు.

మిషను ముందు టైలరు భార్య ఉంది.

"ఆయన లేరా అమ్మా?"

"పోయి పది నెలలైందండీ. కణితి."

ఆమె పేరడిగి, కొలతల పుస్తకంలో కండక్టరు పేజీ తీసింది. పక్క పేజీకి పేరు లేదు. తేదీలు, నడుము కొలతలు మాత్రం ఉన్నాయి. ముప్పై నాలుగు, ముప్పై రెండు, ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు.

"ఇవెవరివి?"

"ఆయనవే. ఆసుపత్రికి వెళ్లేసరికే చేయి దాటిపోయిందండీ."

రెండు పేజీల్లోనూ ఆఖరి తేదీ ఒకటే, తాను ఆ చొక్కాను వెక్కిరించిన రోజు.